కాంపాక్టు డిస్కులో ధ్వని యెట్లు నిలుచును?

విద్యార్థులారా! మీరు నేడు పాటలను ఫోనులలో వినుచున్నారు. మా పాఠశాల గ్రంథాలయపు బీరువాలో మాత్రము కొన్ని వెండిరంగు డిస్కులు ఇంకను భద్రముగా నున్నవి. వాటిలో ధ్వని నిలిచిన విధము తెలిసినచో, ఫోనులోని ధ్వని సంగతియు చాలవరకు బోధపడును.

ధ్వని యనగా గాలియందలి కంపనము. మైక్రోఫోను దానిని విద్యుత్తు యొక్క హెచ్చుతగ్గులుగా మార్చును. గ్రామఫోను పలకపై ఆ హెచ్చుతగ్గులే గాడిలోని వంపులుగా నుండెడివి. సూది రాచికొనిన కొలది గాడి అరుగును, ధ్వనియు చెడును. కాంపాక్టు డిస్కుపై వంపులు లేవు. వాటి కొలతలు మాత్రమే కలవు.

జ్వరపీడితునకు గంటగంటకు వేడిమి కొలిచి కాగితముపై చుక్కలు పెట్టుదురు. చుక్కలు దగ్గరగా నున్నచో జ్వరము నడచిన తీరు స్పష్టమగును. అట్లే డిస్కు కొరకు ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలుతురు. మన చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమును తిరిగి నిర్మించుటకు, కంపనముల సంఖ్యకు రెండింతలకు మించిన కొలతలు కావలెనని క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. అయినచో 44,100 అను సంఖ్యయే యేల? ఆ దినములలో కొలతలను వీడియో టేపుపై నిలువ చేసెడివారు. సెకనునకు 60 చిత్రభాగములు, భాగమునకు 245 గీతలు, గీతకు 3 కొలతలు: గుణించి చూడుడు.

ప్రతి కొలతయు సున్నలు, ఒకట్లు గల 16 స్థానముల సంఖ్యగా వ్రాయబడును. కావున ధ్వనికి 65,536 మెట్లు ఏర్పడును. పైమెట్టును మించిన ధ్వనికి అంకె లేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. కుడి యెడమలకు వేఱువేఱుగా కొలుతురు గనుక, సెకనునకు 14,11,200 అంకెలగును.

ఫిలిప్స్, సోనీ సంస్థలు ఈ పద్ధతిని 1980లో నిర్ణయించినవి. 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో డిస్కులు అమ్మకమునకు వచ్చినవి. కర్మాగారమున పూత పూసిన గాజుపలకపై లేజరు కిరణముతో అంకెలు వ్రాసి, దానినుండి నికెలు అచ్చు తీసి, ఆ అచ్చుతో ప్లాస్టికు పలకలను పోసి, అల్యూమినియము పూయుదురు. పలకపై చిన్న గుంటల దారి లోపలినుండి వెలుపలికి చుట్టలుగా సాగును. ఒక్క మిల్లీమీటరు వెడల్పున 600కు పైగా చుట్టలు పట్టును. గుంట మొదలగుచోట, ముగియుచోట ఒకటి, తక్కినచోట సున్న. మనము ఇంట వ్రాసికొను డిస్కులలో గుంటలకు బదులు రంగుపొరపై మచ్చలుండును.

డిస్కుపై గీత పడినచో ఏమగును? 1960లో రీడ్, సాలమన్ అను గణితవేత్తలు చూపిన మార్గమున అదనపు అంకెలను చేర్చి, ప్రక్కప్రక్కనున్న కొలతలను దూరదూరముగా పంచి వ్రాయుదురు. అందుచే దారి పొడుగున సుమారు 2.5 మిల్లీమీటర్లు చెడినను, పోయిన అంకెలను యంత్రము తిరిగి లెక్కగట్టగలదు.

ఇట్టి శాస్త్రమునకును లొంగని నష్టమొకటి కలదు. 2007లో మేము మా ఊరి వృద్ధురాలొకరి రోకటిపాటలను కంప్యూటరులో పట్టి డిస్కుపై వ్రాసితిమి. గొంతు బాగుగా వినబడవలెనని ధ్వనిపరిమాణము మిక్కిలి హెచ్చించితిమి. ఆమె గొంతెత్తినపుడెల్ల ధ్వని పైమెట్టును దాటెను. అచటనెల్ల ఒకే అంకె పడెను. వినగా గరగర తప్ప మాట తెలియలేదు. వచ్చే నెలలో మరల పాడింపవచ్చునని తలచితిమి. అంతలోనే ఆమె స్వర్గస్థులైరి. ఆ డిస్కుపై నేటికిని ఒక్క గీతయైన లేదు. అందలి ఆరు పాటలలో నాలుగింటి మాటలు మాకు దక్కలేదు.

కావున ఈ సెలవులలో ఇంటి పెద్దల పాటను ఫోనులో పట్టదలచినవారు ముందుగా ఒక చరణము బిగ్గరగా పాడించి పరీక్షింపుడు. ఫోనును నోటికి కొంత దూరముగా నుంచుడు. పట్టిన పాటను, వారు మీ యెదుట కూర్చుండియుండగనే, ఒకమారు పూర్తిగా వినుడు.