కుమార్తె స్వాస్థ్యము

చదువవలసిన భాగము: సంఖ్యాకాండము 27:1-11

ప్రియులారా, నాట్లు వేసి కలుపు తీసిన చేతులు కుమార్తెవైనను, పొలము కుమారునిదే యనుచున్నాము. ఈ భేదము దేవుడు పెట్టినదా? ఆయన ఇద్దరిని తన స్వరూపమందే సృజించెను (ఆది. 1:27). భేదము మనుష్యుల వాడుక.

మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అక్కచెల్లెండ్రు, కుమారులు లేక మరణించిన తమ తండ్రి స్వాస్థ్యమును మోషే యెదుట నిలిచి అడిగిరి. వాడుక చూపి మోషే వారిని పంపివేయలేదు. ఆ సంగతి దేవుని సన్నిధికి తెచ్చెను. వారడిగినది న్యాయమేయని దేవుడు సెలవిచ్చెను.

నేడు కుమారులున్న ఇంటను, తండ్రి వీలునామా వ్రాయక మరణించినయెడల, 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రైస్తవ కుమార్తెకు కుమారునితో సమానభాగ మిచ్చుచున్నది. అయినను కట్నమిచ్చితిమి గదాయని ఆమెచేత హక్కు విడుదల పత్రము వ్రాయించుకొనుచున్నాము. సంతకమడుగక ముందు, మోషేవలె దేవుని సన్నిధిని విచారించుదము.