చేతిలో పైసా లేదు, ఊరికి ఏం చేయగలను?

ప్రశ్న: ఎండాకాలం తునికాకు కోస్తాను, తర్వాత మిరప తోటల్లో కూలికి పోతాను. ఇల్లు గడవడమే కష్టం. అయినా నలుగురికీ ఏదన్నా చేయాలని ఉంది. నాలాంటిదాన్ని ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, దుమ్ముగూడెం మండలం

జవాబు: అమ్మా, ఖమ్మం పక్కన రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య గారి పేరు వినే ఉంటారు. వనజీవి రామయ్య అంటే అందరికీ తెలుసు. ఆయనదీ పేదిల్లే. సైకిలెక్కి, సంచీలో గింజలు వేసుకుని, ఖాళీ జాగా కనబడిన చోటల్లా నాటుకుంటూ పోయారు. భార్య జానమ్మ గారు ఆయనకు తోడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూసే దాకా ఆ పని మానలేదు.

మీరు ఆయనకంటే అడవికి దగ్గర. జూన్, జూలైలో రాలే వేపపండ్లు ఏరండి. గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపే నాటాలి, ఆలస్యమైతే మొలకెత్తవు. ఇప్ప, నేరేడు గింజలూ అంతే, పచ్చిమీదే పడాలి. నూనెకు తీసే ఇప్పగింజల్లోంచి ఒక్క దోసెడు పక్కన పెట్టండి, చాలు. బడి దారిలోనో, చెరువు గట్టునో జానెడు గుంట తీసి గింజ నాటి, చుట్టూ ముళ్లకంప పెట్టండి. మేకలు మొదటి శత్రువులు! రెండేళ్లు కాపాడేదే అసలు కష్టం, కాబట్టి పది మొక్కలకు మించి పెట్టుకోకండి.

ఒంట్లో రక్తం బాగుంటే నాలుగు నెలలకోసారి రక్తదానమూ చేయవచ్చు. నీరసంగా ఉంటే మాత్రం వద్దు తల్లీ, ముందు మీరు కడుపునిండా తినండి.