పాలు పెరిగినవి సరే, ఎందువలన పెరిగినవి?
(సంఘ సభ్యులకు, పాలకవర్గాలకు ఒక పాఠం)

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామాలలో సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గం వారు మాతో తరచు అనే మాట ఒకటున్నది: "ఈ పద్ధతి పెట్టినప్పటి నుండి పాలు పెరిగాయండీ." పెరిగిన మాట నిజమే కావచ్చును. ఆ పద్ధతి వలననే పెరిగినవా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటికీ గల తేడా గమనించకపోతే నష్టపోయేది సంఘం సొమ్ము, అనగా సభ్యుల బోనసు.

మేము చూచిన ఒక సంఘం సంగతి చెప్పెదము. వారు శ్రావణ మాసంలో లీటరుకు ఒక రూపాయి ప్రోత్సాహకం ప్రకటించారు. కార్తీకం నాటికి కేంద్రంలో పోసే పాలు బాగా పెరిగాయి. మేము కూడా తనిఖీ పుస్తకంలో "ప్రశంసనీయము" అని వ్రాసినాము. చైత్రానికి పాలు మరల పాత స్థాయికి దిగినవి. ప్రోత్సాహకం మాత్రం ఆగలేదు. ఏడాది చివర లాభమంతా ఆ పద్దు క్రిందనే కరిగిపోయి, బోనసు పంచడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు పాత రిజిస్టర్లు తీసి చూచినాము. ప్రోత్సాహకం లేని ఏళ్ళలో కూడా కార్తీకానికి పాలు అదే తీరున పెరిగినవి. మన గేదెలు ఎక్కువగా వానలు మొదలైన తరువాత, చలికాలం వరకు ఈనుతాయి. పచ్చిమేత కూడా అప్పుడే దొరుకుతుంది. ఋతువు చేసిన మేలును మనం రూపాయి ఖాతాలో జమ వేసినాము. ఆ తప్పులో మాకూ భాగమున్నది.

పెద్ద పెద్ద ప్రయోగాలలో కూడా పోలిక చెడిన సందర్భాలున్నవి. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో సుమారు 20,000 మంది బడిపిల్లలపై పాల ప్రయోగం జరిగింది. సగం మందికి రోజూ పాలిచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. అయితే గుంపులు సమంగా లేవనిపిస్తే పిల్లలను మార్చే వీలు ఉపాధ్యాయులకు ఇచ్చారు. మొదటి తూకాలు చూస్తే, పాలు లేని గుంపులోని పిల్లలే బరువు, పొడవులలో ముందున్నారు. బక్కపిల్లలపై జాలిపడి వారిని పాలిచ్చే గుంపులో చేర్చి ఉంటారని "స్టూడెంట్" అనే కలం పేరుగల గాసెట్ 1931లో విమర్శించారు. 50 జతల అచ్చు కవలలతో చేసి ఉంటే ఇంతకంటె నమ్మదగిన ఫలితం వచ్చేదని ఆయన చూపారు. లెక్క పెద్దదైనంత మాత్రాన చాలదు, పోలిక న్యాయంగా ఉండవలెను.

ఈ న్యాయమైన పోలికను ఒక శాస్త్రంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు ఇంగ్లండుకు చెందిన ఫిషర్. ఆయన వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన మన తెలుగువారు సి.ఆర్. రావు గారు. 1940లలో ప్రయోగాల రూపకల్పనపై ఆయన చేసిన కృషి తరువాత కర్మాగారాలలో సరకు నాణ్యత పెంచడానికి ఉపయోగపడింది. 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూసిన ఆయన, బాల్యంలో కొంతకాలం మన నందిగామలో చదువుకున్నారు.

ఇక మనం చేయవలసినది చూద్దాము.

1. దేనిని పోల్చాలి? ఖనిజ లవణ మిశ్రమం పరీక్షించాలంటే ఒకే ఈతలో ఉండి, దగ్గర తేదీలలో ఈనిన గేదెలను జతలుగా తీసుకోవచ్చును. ధర, ప్రోత్సాహకం వంటివైతే ఒకే ఊరిలో కొందరికిచ్చి కొందరికి మానడం తగదు, తగవులు వస్తాయి. అప్పుడు సంఘాన్నే ఒక ప్రమాణంగా తీసుకోవలెను.

2. జతలు కట్టడం. నీటి వసతి, పాడి గేదెల సంఖ్య, పోసే పాలు ఇంచుమించు సమానంగా గల రెండేసి సంఘాలను కలుపవలెను.

3. చీట్లు తీయడం. జతలో ఎవరికి ప్రోత్సాహకం అన్నది చీటీ తీసి తేల్చవలెను. పలుకుబడి, జాలి, ఉత్సాహం ఇందులో జొరబడరాదు. చీటీ తీసిన తరువాత మార్చరాదు.

4. ఒకే కాలం. రెండు సంఘాల లెక్కలూ అవే నెలలలో వ్రాయవలెను. ఎన్నాళ్ళు చేసేది, ఎంత పెరిగితే కొనసాగించేది ముందుగానే మినిట్సు పుస్తకంలో వ్రాసి పెట్టవలెను.

ఫలితం ఎట్లా చూడాలో ఊహించిన అంకెలతో చెప్పెదము. ఆరు జతలు తీసుకొన్నాము. ప్రోత్సాహకం ఇచ్చిన సంఘంలో రోజుకు పెరిగిన లీటర్ల నుండి జతలోని రెండవ సంఘంలో పెరిగినవి తీసివేయగా వచ్చిన తేడాలు: 9, 14, 5, 11, 12, ఒక జతలో మాత్రం 3 లీటర్లు తక్కువ. మొత్తం 48, సగటున 8 లీటర్లు. ఆరింట ఐదు జతలు అనుకూలం. నాణెం ఆరుసార్లు ఎగురవేస్తే ఐదు లేక ఆరు సార్లు బొమ్మ పడడం 64లో 7 వంతులు, అనగా తొమ్మిదింట ఒకసారి ఉత్త అదృష్టం కొద్దీ జరుగుతుంది. కనుక ఇది ఆశ కలిగించే ఫలితమే గాని రుజువు కాదు. ఆరుకు ఆరూ అనుకూలమైతే 64లో ఒక వంతు మాత్రమే గనుక అప్పుడు ఎక్కువ నమ్మవచ్చును.

ఆ 8 లీటర్లు నిజమే అనుకొందాము. 200 లీటర్లు పోసే సంఘంలో ఇప్పుడు 208 లీటర్లకూ రూపాయి చొప్పున రోజుకు రూ. 208 ఇవ్వాలి. పెరిగిన 8 లీటర్లపై లీటరుకు రూ. 2 మిగిలినా వచ్చేది రూ. 16. రోజుకు రూ. 192 నష్టం! పాలు నిజంగా పెరిగినా పథకం గిట్టకపోవచ్చును. కనుక మొదట తేడా నిజమా అని, తరువాత అది గిట్టుబాటా అని, రెండు తూనికలూ వేయవలెను.

ఇకపై ఏ కొత్త ఖర్చుకైనా తీర్మానం వచ్చినప్పుడు సభ్యులు సర్వసభ్య సమావేశంలో మూడు మాటలు అడుగవలెనని మా మనవి: దేనితో పోల్చారు? చీటీ తీశారా? ఖర్చు పోగా మిగిలినదెంత? అడిగిన సభ్యుని తగవులమారి అనుకోవద్దు. అతడు సంఘం సొమ్ముకు కాపలాదారు.