సంచి వెనక లెక్క: జాంగోలో మన సొంత సైట్ మొదలుపెట్టడం (వీడియోతో)

బియ్యం నేరుగా అమ్మేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ వస్తుంది: "అన్నా, నవారా సంచిలో పురుగు పట్టింది." మందు కలపని బియ్యం కాబట్టి ఇది ఉండేదే. అప్పుడు మనకి తెలియాల్సినవి రెండు. ఆ సంచి ఏ రోజు మిల్లు పట్టించిన బియ్యంలోది? అదే బియ్యం ఇంకా ఎవరెవరి ఇంటికి వెళ్లింది? వాట్సాప్‌లో వెతికితే పూట గడిచిపోతుంది. ఈలోగా మిగతా వాళ్లు కూడా సంచి విప్పేస్తారు.

దీనికోసం నేను జాంగో వాడుతున్నా. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారు చేసుకునే ఉచిత సాధనం ఇది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక ఆఫీసులో పుట్టింది, 2005లో అందరికీ విడుదల చేశారు. ప్రోగ్రామింగ్ రాని వాళ్లు కూడా రోజూ వార్తలు ఎక్కించాలి కదా! అందుకే ఎంట్రీ స్క్రీన్లు తయారుగా ఇచ్చే 'అడ్మిన్' అందులోనే ఉంది. మనకి కావలసింది అదే.

కమాండ్ల స్పెల్లింగ్ వీడియోలో కనిపిస్తుంది, ఆపి ఆపి చూసుకోండి. ఏది ఎందుకో ఇక్కడ చెబుతా.

ముందు పైథాన్, తర్వాత ఒక ఫోల్డర్, అందులో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. రకానికో నారుమడి పోస్తాం చూడండి, విత్తనం కలవకుండా, అలాంటిదే ఇది. దాన్ని ఆన్ చేశాకే పిప్‌తో జాంగో ఎక్కించాలి. ఆ తర్వాత స్టార్ట్‌ప్రాజెక్ట్ కమాండ్. చివర ఒక చుక్క పెట్టండి, లేకపోతే ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ వచ్చి తికమక అవుతుంది. రన్‌సర్వర్ కొట్టి బ్రౌజర్‌లో 127.0.0.1:8000 తెరిస్తే రాకెట్ బొమ్మ కనిపిస్తుంది. సైట్ లేచినట్టే.

ఎంట్రీలు మొదలుపెట్టే ముందే సెట్టింగ్స్ ఫైల్‌లో టైమ్ జోన్ మార్చండి. అందులో యూటీసీ అని ఉంటుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకి పాలు పోసి ఎంట్రీ చేస్తే ముందు రోజు రాత్రి 10:30 అని చూపిస్తుంది. దాన్ని ఏషియా/కోల్‌కతా చేయాలి. భాష దగ్గర తెలుగు కోడ్ ఇస్తే కొన్ని బటన్లు తెలుగులోకి వస్తాయి, అన్నీ రావు.

ఇప్పుడు స్టార్ట్‌యాప్‌తో 'అమ్మకాలు' అని ఒక యాప్ చేసి, దాని పేరు సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేర్చాలి. అందులో రెండు పట్టికలు చాలు. ఒకటి బ్యాచ్: ఏ మడి, ఏ రకం, కోత తేదీ, మిల్లు తేదీ, ఎన్ని కిలోలు. రెండోది అమ్మకం: ఎవరికి, ఎన్ని కిలోలు, ఏ బ్యాచ్. ఆ చివరిది ఫారిన్ కీ, మొత్తం పని దానిదే. దానికి 'ప్రొటెక్ట్' పెట్టండి. అమ్మకం రాసి ఉన్న బ్యాచ్‌ని ఎవరైనా తుడిపేయబోతే జాంగో ఒప్పుకోదు. చాలా వీడియోల్లో 'కాస్కేడ్' చూపిస్తారు. దానితో బ్యాచ్ పోతే అమ్మకాలూ పోతాయి, మన పనికి అది వద్దు.

పట్టికలు రాశాక మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్, క్రియేట్‌సూపర్‌యూజర్. రెండు పట్టికలనీ అడ్మిన్ ఫైల్‌లో రిజిస్టర్ చేస్తే ఎంట్రీ స్క్రీన్ తయారు. ఇక పురుగు ఫోన్ వస్తే బ్యాచ్‌తో ఫిల్టర్ పెట్టండి, మిగతా వాళ్ల పేర్లు వరసగా వస్తాయి. వాళ్లు అడగకముందే మనమే ఫోన్ చేయొచ్చు.

ప్యాకింగ్ షెడ్‌లో ఫోన్ నుంచి కూడా ఎంట్రీ చేయాలంటే ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉండాలి. రన్‌సర్వర్‌కి 0.0.0.0:8000 ఇచ్చి, కంప్యూటర్ ఐపీ నంబర్‌ని అలౌడ్ హోస్ట్స్‌లో రాయండి.

ఇంటర్నెట్‌లో మాత్రం ఇలాగే పెట్టేయకండి. డీబగ్ ఆన్‌లో ఉంటే తప్పు వచ్చినప్పుడు సైట్ లోపలి వివరాలు బయటివాళ్లకి కనిపిస్తాయి. అందులో ఉన్నవి మనల్ని నమ్మి ఇచ్చిన ఇళ్ల అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు. డీబగ్ ఆపడం, సీక్రెట్ కీ దాచడం, రన్‌సర్వర్ బదులు అసలు సర్వర్ వాడటం వచ్చే వీడియోలో చేద్దాం. అప్పటిదాకా డేటా అంతా ఒక్క ఎస్‌క్యూలైట్ ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి వారానికోసారి సర్వర్ ఆపి, ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.