రూక భోజనం ఎవరు తిన్నారు?

అమ్ములూ,

చరిత్ర పుస్తకాలు ఒకదానికొకటి పొసగడం లేదనీ, అడిగితే పరీక్షకు గైడు చాలన్నారనీ రాశావు. పరీక్ష వరకూ ఆ మాట నిజమే. గైడులో ప్రశ్నా, జవాబూ రెండూ వాళ్లే రాసిపెడతారు. నీకు మిగిలేది బట్టీ. ఆ పని ఇంటర్‌లో చాలా చేశావులే.

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘గోలకొండ కవుల సంచిక’, 1934 అని బిట్టు చదివే ఉంటావు. దాని వెనక సంగతి చూడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒకాయన రాసేశాడు. దానికి ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి పద్యాలూ వివరాలూ తెప్పించి 354 మంది కవులను అచ్చులో నిలబెట్టారు. ఇక్కడొక మెలిక ఉంది. ‘లేరు’ అన్న మాటను కొట్టెయ్యడానికి ఒక్క కవి చాలు. ‘ఉన్నారు గానీ గొప్పవాళ్లు కారు’ అని అవతలివాడు మాట మారిస్తే మాత్రం ఆ అంకె అక్కరకు రాదు, పద్యాలు విప్పి చదవాల్సిందే. ఎదుటివాడు అసలేమన్నాడో తేల్చుకోనిదే ఏ సాక్ష్యం తేవాలో తెలియదు. టీవీ చర్చల్లో అరుచుకునేవాళ్లకు కొరవడింది ఇదే.

ప్రతాపరెడ్డి గారిదే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) లైబ్రరీలో తీసుకో. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని ఆయన పాత కావ్యాలను అడిగారు. వాటిలో ‘క్రీడాభిరామం’ ఒకటి, కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రుల షికారు. అందులో పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం గురించి పద్యం ఉంది: మేలురకం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, గడ్డపెరుగు. మొదటిసారి చదివితే నోరూరుతుంది, ఊరనీ. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చో. రూక ఆ రోజుల్లో ఎంత? కూలివాడు దాన్ని ఎన్నాళ్లకు సంపాదించేవాడు? ఆ ఇంట్లో విస్తరి ఎవరికి వేసేవారు, ఎవరికి వేసేవారు కాదు? కవి తిని రాశాడా, ఊరించడానికి రాశాడా? అసలు ఆ కవి ఎవరన్న దాని మీదే తగవు ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్నా, శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్నారు.

అందుకని ఈ పద్యం చూపించి ‘కాకతీయుల కాలంలో జనం నేతి భోజనాలు చేశారు’ అని రాస్తే నేను ఒప్పుకోను. ‘డబ్బు పెడితే నగరంలో ఇలాంటి భోజనం దొరికేదని ఒక కవి అన్నాడు’ అని రాయి, ఒప్పుకుంటాను. వాక్యం చప్పగా ఉంటుంది, ఉండనీ.

ఇదే పరీక్ష ప్రతాపరెడ్డి గారికీ పెట్టు. ఆయనంటే నాకు ప్రాణం. అయినా కావ్యాల్లోకి ఎక్కని ఇళ్ల సంగతి ఆయన పుస్తకంలోకి ఎంతవరకు వచ్చిందో చూడు. 1955లో తెలుగుకు వచ్చిన తొలి సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానిదే. బహుమతి చూసి జంకకు.

లైబ్రరీ పుస్తకం మీద గీతలు గీయకు, నోటుబుక్కు పెట్టుకో. అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, రచయిత ఏమంటున్నాడో నీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయి. కింద ఆయన చూపిన సాక్ష్యం, దాని కింద నీ అనుమానం. నాలుగు వాక్యాలు రాకపోతే ఆ అధ్యాయం మళ్లీ చదవాలన్నమాట. కాకతీయుల కాలంతో మొదలుపెట్టు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తెస్తే, నీతో వాదనకు నేను సిద్ధం.

పెదనాన్న