కౌలుకు భూమి తీసికొను ముందు వేయవలసిన లెక్క

వరి కోసి, ధాన్యము అమ్మి, బాకీలు తీర్చిన పిదప చేతిలో మిగిలిన సొమ్మును పలువురు రైతులు లాభమని తలంతురు. మిగులు వేరు, లాభము వేరు. సొంత భూమిలో ఈ భేదము అంతగా బయటపడదు. కౌలు భూమిలో మాత్రము రైతుకు తెలియకుండగనే నష్టము కలిగించును. దీనిని ఒక లెక్క ద్వారా చూతము.

లెక్క: ఒక రైతు ఎకరము మాగాణిని పంటకు 12 బస్తాల కౌలుకు తీసికొనదలచెను. దిగుబడి 32 బస్తాలు. బస్తాకు 75 కిలోల చొప్పున 24 క్వింటాళ్లు. 2024-25 ఖరీఫులో సాధారణ రకము ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ధరకు బస్తా 1,725 రూపాయలగును. క్రింది ఖర్చులు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి రేట్లు వేసికొనవలెను.

రాబడి:
ధాన్యము 55,200, గడ్డి 1,800. మొత్తము 57,000 రూపాయలు.

చేతి ఖర్చు:
దుక్కి, దమ్ము 7,000
విత్తనము, నారుమడి 1,500
నాట్లు 5,000
ఎరువులు 5,500
పురుగు, కలుపు మందులు 4,000
కోత యంత్రము 3,000
రవాణా, ఇతర కూలి 4,000
మొత్తము 30,000 రూపాయలు.

కౌలు 12 బస్తాల విలువ 20,700. ఇది కూడ పోగా చేతిలో 6,300 రూపాయలు మిగులును. ఇది లాభమేనా? ఇంకను మూడు ఖర్చులు లెక్కలోనికి రాలేదు.

1. ఇంటివారి శ్రమ: 20 దినములు, దినమునకు 400 చొప్పున 8,000. ఆ దినములలో బయట దొరకెడి కూలినే వేయవలెను.
2. పెట్టుబడిపై వడ్డీ: 30,000 పై నూటికి నెలకు రూపాయి, అనగా ఏటికి 12 శాతము చొప్పున, 5 నెలలకు 1,500. నూటికి 2 రూపాయలైన 3,000 అగును.
3. ఇంజను అరుగుదల: ధర 24,000, మన్నిక 8 ఏండ్లు, ఏటికి 3,000. ఈ ఎకరముతో కలిపి 3 ఎకరములకు, ఏటా 2 పంటలకు పంచిన 500.

ఇవి మొత్తము 10,000. మిగులు 6,300 నుండి తీసివేసిన 3,700 రూపాయలు నష్టము. రైతు కుటుంబము తన కూలిలో కొంత భాగమును పోగొట్టుకొన్నదన్నమాట.

వ్యవసాయ వ్యయ, ధరల కమిషను కూడ ఖర్చులలో కుటుంబ శ్రమ విలువను చూపును. ‘సీ2’ అను లెక్కలో సొంత భూమి కౌలు విలువను సైతము కలుపును. కావున సొంత భూమి గలవారును ఈ విధముగనే లెక్క చూచుకొనవలెను.

ఎంత కౌలు ఈయవచ్చును? రాబడి 57,000 నుండి కౌలు గాక మిగిలిన ఖర్చు 40,000 తీసివేయగా 17,000. దీనిని బస్తా ధర 1,725 చేత భాగించిన 9 బస్తాలకు పైచిలుకు వచ్చును. 9 బస్తాలు దాటిన కౌలుకు ఒప్పుకొనరాదు.

ఇట్టి లెక్కకు ఒక నోటుపుస్తకము చాలును. ఎడమ పుటలో జమ, కుడి పుటలో ఖర్చు వ్రాయవలెను. ఇంటివారు పనిచేసిన దినములను ఏనాటివి ఆనాడే గుర్తింపవలెను. పంట చివర జ్ఞాపకముంచుకొని వ్రాసిన లెక్క సరిగా నుండదు.

అభ్యాసము: తెగులు సోకి దిగుబడి 28 బస్తాలకు తగ్గినది. ఖర్చులు, గడ్డి రాబడి మారలేదు. ఎన్ని బస్తాల కౌలు గిట్టును?

జవాబు: రాబడి 50,100, ఖర్చు పోగా 10,100. అనగా 5 బస్తాలు మాత్రమే. పంట తగ్గినను ఒప్పుకొన్న కౌలు తగ్గదు. కావున మంచి ఏటి దిగుబడిని గాక, గడచిన 4, 5 ఏండ్ల సగటును పట్టి కౌలు మాట్లాడుకొనవలెను.