దోషమెక్కడ నున్నది?

విడిభాగములను కొనితెచ్చి యింటిలోనే కంప్యూటరును కూర్చుకొనుట నేడు వింత కాదు. మదరుబోర్డు, ప్రాసెసరు, ర్యాము, ఎస్.ఎస్.డి., విద్యుత్తును పంచిపెట్టు పెట్టె - వీనిని వాని వాని స్థానములలో బిగించుటకు ఒక స్క్రూడ్రైవరును, ఒక పూట తీరికయు చాలును. కాని యట్లు కూర్చిన యంత్రము ప్రాణము లేని బొమ్మవంటిది. ఆపరేటింగ్ సిస్టమ్ అను మూలవ్యవస్థను దానిలో నెలకొల్పినపుడే అది మన మాట వినును. ఇట్లు నెలకొల్పుటనే ఇన్‌స్టలేషను అందురు. ఈ పనిలో విఘ్నము కలిగినచో దాని కారణమును కనుగొనుట, యంత్రమును కూర్చుటకంటె ఎన్నియో రెట్లు కష్టము.

తెనాలి చేరువనున్న ఒక గ్రామమున ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక బాలుడును, ఎనిమిదవ తరగతి చదువుచున్న అతని చెల్లెలును వేసవి సెలవులలో ఇట్టి యంత్రము నొకదానిని కూర్చిరి. చేతిలోని ధనము పరిమితమగుటచే కొన్ని భాగములు క్రొత్తవియు, కొన్ని వాడినవియు కొనవలసివచ్చెను. 500 జి.బి. ఎస్.ఎస్.డి. క్రొత్తది. 8 జి.బి. ర్యాములు రెంటిలో ఒకటి క్రొత్తది. రెండవది పట్టణమున ఒక దుకాణములో సగము వెలకు దొరకిన పాత సరకు. ఇవిగాక, ఇంటిలోని పాత కంప్యూటరునుండి ఊడదీసిన 1,000 జి.బి. హార్డుడిస్కును గూడ దీనికి తగిలించిరి. ఆ డిస్కులో వారి నాయనమ్మ పాడిన నాట్లపాటలును, కోతపాటలును నలువదికి పైగా నుండెను. ఆమె గతించి రెండేండ్లయ్యెను. ఆ పాటలకు మరియొక ప్రతి యెచ్చటను లేదు.

వారు ఉచితముగా లభించు ఉబుంటు లినక్సును ఎన్నుకొనిరి. మొదటి ఆటంకము చిన్నది. పెన్‌డ్రైవును పెట్టి మీట నొక్కగానే, ప్రారంభించుటకు తగిన సాధనమేదియు కానరాలేదని తెరపై ఆంగ్లమున కనబడెను. అన్న ఇంటర్నెట్టునుండి దించిన ఐ.ఎస్.ఓ. ఫైలును మామూలు ఫైలువలె పెన్‌డ్రైవులోనికి నకలు చేసియుండెను. అది మూటను విప్పకయే గదిలో పెట్టి, సామాను సర్దితి ననుకొనుట వంటిది. ఆ ఫైలును విప్పి పెన్‌డ్రైవుపై వ్రాయుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాము లున్నవి. మేనమామగారి లాప్‌టాప్‌పై ఆ పని చేసినంతనే యంత్రము కదలెను.

అసలు చిక్కు తరువాత వచ్చెను. పని సగము జరుగగానే ఇన్‌స్టలేషను ఆగిపోయి, ఒక ఫైలు చెడియున్నదని తెరపై సూచన వచ్చెను. మరల మొదలిడిరి. ఈమారు ముప్పాతిక జరిగిన పిదప వేరొక ఫైలు చెడినదని చెప్పెను. మూడవమారు ఏ సూచనయు లేకుండ తెర యట్లే బిగుసుకొనిపోయెను.

అన్నకు ఓర్పు నశించెను. స్నేహితుని ఫోనులో సలహా అడుగగా అతడు, "డిస్కులన్నిటిని తుడిచివేసి మొదటినుండి చేయుము, అదియే సరిపోవును" అనెను. ఇట్టి సలహా లోకమున సులభముగా దొరకును. ఇచ్చువానికి నష్టమేమియు లేదు గదా! అన్న తుడిచివేయుటకు సిద్ధపడెను. తెరపై రెండు డిస్కుల పేర్లు కనబడుచుండెను. ఒకదానికి ఎస్.డి.ఏ. అనియు, రెండవదానికి ఎస్.డి.బి. అనియు పేర్లు.

చెల్లెలు తెరవైపు వంగి, "అన్నయ్యా! వీనిలో నాయనమ్మ పాటలున్నది ఏది?" అని యడిగెను.

"రెండవది యనుకొందును."

"అనుకొందువా?"

అన్న చేయి ఆగిపోయెను. డిస్కుల పక్కన వ్రాసిన పరిమాణములను చదివి చూడగా, ఎస్.డి.ఏ. అను మొదటిదే 1,000 జి.బి. డిస్కు! యంత్రము ఆ పేర్లను తాను గుర్తించిన వరుసనుబట్టి పెట్టునేగాని, క్రొత్త పాత లెంచి పెట్టదు. ఇరువురును మారుమాట లేక యంత్రము నాపి, విద్యుత్తు తీగను గోడనుండి తీసివేసి, పాత డిస్కును ఊడదీసి బీరువాలో భద్రపరచిరి. ఇక నేమి జరిగినను పోవునది వారి శ్రమయే.

మరునాడు అన్నకు మరియొక ఆలోచన తోచెను. ఉబుంటును ఇన్‌స్టలు చేయకయే పెన్‌డ్రైవునుండి నడుపవచ్చును. "ముందు ఆ పాటలను క్రొత్త ఎస్.ఎస్.డి.లోనికి నకలు చేసికొందము చెల్లీ! రెండు ప్రతులుండును" అనెను. ఆలోచన మంచిదే. కాని చెల్లె లొప్పుకొనలేదు. "ఫైళ్లను సరిగా చదువలేనిదని ఈ యంత్రమే మూడుమార్లు చెప్పినది. దీనిచేత నకలు వ్రాయించిన నకలు సరియైనదని ఎట్లు నమ్ముదుము?" అని యామె వాదము. ఆమె యెంత సత్యము పలికెనో వారికప్పటికి తెలియదు.

అంతట చెల్లెలు ఒక నోటుపుస్తకము తెచ్చి, నడుమ గీత గీచి, ఎడమవైపు చేసిన మార్పును, కుడివైపు కలిగిన ఫలితమును వ్రాయసాగెను. ఒకమారు ఒకే మార్పు చేయవలెనని ఇరువురును నియమము పెట్టుకొనిరి. రెండు మార్పులు కలిపి చేసినచో యంత్రము బాగుపడినను ఏ మార్పువలన బాగుపడినదో తెలియదు.

మొదట పెన్‌డ్రైవును పరీక్షించిరి. అందలి ఫైళ్లు సరిగా నున్నవో లేవో చూచుకొను ఏర్పాటు దానిలోనే కలదు. ప్రతి ఫైలునుండి ఒక గణితవిధానముచే ఒక సంఖ్యను రాబట్టి, ముందుగా వ్రాసియుంచిన సంఖ్యతో పోల్చుదురు. ఫైలులో ఒక్క యక్షరము మారినను ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును. దీనినే చెక్‌సమ్ అందురు. మేనమామగారి లాప్‌టాప్‌పై పరీక్షింపగా ఫైళ్లన్నియు సరిపోయినవి. క్రొత్త యంత్రముపై పరీక్షింపగా ఒక ఫైలు తప్పినది. యంత్రము నాపి మరల పరీక్షింపగా ఆ ఫైలు సరిపోయి, వేరొక రెండు తప్పినవి!

చెల్లెలు ఈ మూడు ఫలితములను వరుసగా వ్రాసి, చాలసేపు చూచెను. పెన్‌డ్రైవే చెడినదైనచో ప్రతిమారు అదే ఫైలు తప్పవలెను, లాప్‌టాప్‌పైనను తప్పవలెను. ఎస్.ఎస్.డి.యే చెడినదందమా? ఈ పరీక్షలో దానిపై ఏమియు వ్రాయనే లేదు. అందువలన దోషము చదువబడు వస్తువునందు గాక, చదివినదానిని నిలిపి లెక్కించు చోట నుండవలెను. చెరువునందలి నీరు తేటయైనది; ఇంటిలోని కుండ కడిగినది; అయినను కుండలో బురద చేరుచున్నచో నడిమి కాలువను చూడవలెను గదా! కంప్యూటరులో ఆ కాలువ వంటిది ర్యాము. పెన్‌డ్రైవునుండి డిస్కునకు పోవు ప్రతి అక్షరమును దానిగుండా పోవలసినదే. చెడినదని తెరపై చూపబడిన ఫైలు నిరపరాధి. బురద కంటబడిన చోటు వేరు, కలసిన చోటు వేరు.

8 జి.బి. ర్యాములో సున్న గాని ఒకటి గాని నిలుపుకొను చిన్న గూళ్లు సుమారు 6,870 కోట్లుండును. అందొక్కటి సున్నను ఒకటిగా మరచినను ఫైలు చెడును. యంత్రమున కది తెలియదు. ఈ బాధ క్రొత్తది కాదు. 1940ల చివర అమెరికాలోని బెల్ లేబొరేటరీలలో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు వారాంతములందు రిలేలతో నడచు కంప్యూటరునకు లెక్కల నప్పగించి పోవుచుండెను. నడుమ తప్పు దొరలినచో ఆ యంత్రము అతని లెక్కను విడిచి తరువాతి పనికి పోవుచుండెను. తప్పున్నదని కనిపెట్టగల యంత్రము, అది యెచ్చటనున్నదో కనిపెట్టి దిద్దుకొనలేదా యని విసిగిన హామింగ్, అట్లు దిద్దుకొను సంకేతవిధానమును కనుగొని 1950లో ప్రకటించెను. పెద్ద సంస్థల సర్వర్లలో ఇట్టి దిద్దుబాటు గల ర్యాములను నేడు విరివిగా వాడుదురు. ఇండ్లలోని కంప్యూటర్లలో సాధారణముగా అది యుండదు. కనుక ఇంటివారే కనిపెట్టుకొనవలెను.

ర్యామును పరీక్షించుటకు మెమ్‌టెస్ట్ అను ఉచిత ప్రోగ్రాము కలదు. అది ప్రతి గూటిలోను ఒక విలువను వ్రాసి, మరల చదివి, రెండును ఒకటియేనా యని చూచును. దానిని నడుపగా పావుగంటలోనే తెరపై ఎఱ్ఱని గీతలు పడసాగినవి. అన్న అప్పుడొక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనెను. యంత్రము చురుకుగా నుండునని ర్యాము వేగమును తానే సెట్టింగులలో పెంచియుండెను. ముందు దానిని యథాస్థితికి తెచ్చి మరల పరీక్షించిరి. గీతలు తగ్గినవి కాని పోలేదు. ఇది కూడ పుస్తకమున కెక్కెను.

ఇక ర్యాములను వేరుచేయవలెను. తీగను తీసి, లోహపు పెట్టెను తాకి చేతులలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, క్రొత్తదానికి 'క' అనియు, పాతదానికి 'ఖ' అనియు కాగితపు చీటీలు కట్టిరి. 'క'ను ఒంటరిగా ఉంచి రాత్రియంతయు పరీక్షింపగా ఒక్క తప్పును లేదు. అదే గాడిలో 'ఖ'ను ఉంచగా తప్పులు వచ్చినవి. తొందరపాటు గలవారు ఇక్కడనే తీర్పు చెప్పుదురు. వారు 'ఖ'ను రెండవ గాడిలోనికి మార్చి చూచిరి, అక్కడను తప్పులే. 'క'ను ఆ రెండవ గాడిలో ఉంచిరి, తప్పులు లేవు. గాడులు రెండును మంచివే. చెడినది 'ఖ' యొక్కటియే.

'క' యొక్కదానితోనే ఉబుంటును ఇన్‌స్టలు చేయగా, ఇంటిలో అమ్మ అన్నము వండి దించులోపల పని ముగిసెను. మూడుమార్లు నింద మోసిన పెన్‌డ్రైవే, ఎస్.ఎస్.డి.యే ఇప్పుడును వాడిరి.

పాటల డిస్కును వెంటనే తగిలింపలేదు. మేనమామగారి లాప్‌టాప్‌తో ఆ పాటలను మరియొక డిస్కులోనికి నకలు చేసి, ప్రతి పాటకును అసలునుండి ఒకటి, నకలునుండి ఒకటి చెక్‌సమ్‌లు రాబట్టిరి. ఒక్కొక్కటి అరువదినాలుగు గుర్తుల పొడవు. అన్న చదువుచుండగా చెల్లెలు సరిచూచెను. కంప్యూటరే క్షణములో పోల్చగలదని అన్న చెప్పినను, మొదటి పది పాటలకు ఆమె కంటితోనే చూతుననెను. అన్నియు సరిపోయినవి. ఆ నకలు డిస్కు మేనమామగారింట నుంచబడెను.

'ఖ'ను, నోటుపుస్తకమును తీసికొని ఇరువురును పట్టణమునకు పోయిరి. దుకాణదారుడు మొదట నవ్వి, పుస్తకమును చదివి, తన యంత్రములో 'ఖ'ను ఉంచి పరీక్షించెను. ఎఱ్ఱగీతలు చూచి మారుమాటాడక వేరొకటి యిచ్చెను. దానిని బిగించుటకు ముందు ఆ రాత్రి ఒంటరిగా పరీక్షకు పెట్టిరి.